గోరు, కన్ను, నమూనా పలక: లోహతలముల గరుకును పోల్చి చూచుట

ఖమ్మం నుండి సత్తుపల్లి మీదుగా వచ్చు దారి అశ్వారావుపేట చేరునప్పటికి రోడ్డుకు రెండు ప్రక్కల ఆయిల్‌పామ్ తోటలు కనిపించును. ఒక వంక భద్రాచలపు అడవులు, మరియొక వంక ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఈ ఊరు చేరినది. తోటలలో కోసిన గెలలు ఈ ఊరిలోను, సమీపమందలి అప్పారావుపేటలోను గల తెలంగాణ ఆయిల్‌ఫెడ్ కర్మాగారములకు చేరును.

ఆయిల్‌పామ్ గెల ఎక్కువసేపు నిలువ యుండునది కాదు. పండు నలిగినచో అందలి లైపేజ్ అను ఎంజైము నూనెను విడగొట్టుటకు మొదలిడును. నూనెలో ఆమ్లగుణము పెరిగి దాని విలువ తగ్గును. అందుచే కోసిన 24 గంటలలోగా గెలకు ఆవిరి పట్టించుట మేలు. ఆవిరితో ఉడికిన గెలల నుండి పండ్లను రాల్చి, కలియబెట్టి, స్క్రూ ప్రెస్సులో పిండుదురు. ఈ పనులన్నియు తిరుగుచుండెడి షాఫ్టుల మీద, వానిని మోయు బేరింగుల మీద, గేరుపెట్టెల మీద ఆధారపడి యున్నవి. ఒక షాఫ్టు ఆగినచో ప్రెస్సు ఆగును. ప్రెస్సు ఆగినచో బయట బండ్ల మీద గెలలు నిలిచిపోవును.

ఇట్టి కర్మాగారములలో ఎక్కడనైనను జరుగదగిన ఒక సంగతిని ఊహింతము. గేరుపెట్టె నుండి షాఫ్టు బయటకు వచ్చుచోట నూనె కారుచున్నది. అచ్చట బిగించిన రబ్బరు ఆయిల్ సీలు క్రొత్తదే. విప్పి చూడగా సీలు తాకుచోట షాఫ్టు అరిగి గాడి పడియున్నది. దానిని లేతు షెడ్డుకు తెచ్చిరి. టర్నరు అరిగినచోట వెల్డింగుతో లోహము నింపి, మరల తరిమెన పట్టి, కొలతకు తెచ్చి, ఎమెరీ కాగితముతో మెరుగు పెట్టెను. షాఫ్టు తళతళ మెరయుచున్నది. మైక్రోమీటరుతో కొలువగా వ్యాసము సరిగా నున్నది. ఇక బిగింపవచ్చునా?

వ్యాసము సరిపోయినంత మాత్రమున చాలదు. ఆ తలము ఎంత నునుపుగా నున్నదో, ఏ తీరున నునుపుగా నున్నదో కూడ తెలియవలెను. షెడ్డులో విద్యుత్ పరికరములు లేవు. అయినను అరచేతిలో ఇముడు కొన్ని లోహపు పలకలు, ఒక గోరు, ఒక కన్ను ఉన్నచో ఈ ప్రశ్నకు చాలవరకు సమాధానము దొరకును. అది ఎట్లో తెలిసికొందము.

నునుపులోని కొండలు, లోయలు

ఎంత నునుపైన లోహతలమునైనను సూక్ష్మదర్శినిలో చూచినచో అది కొండలతో, లోయలతో నిండి యుండును. వీని ఎత్తును మైక్రోమీటర్లలో చెప్పుదురు. మిల్లీమీటరులో వేయవ వంతు ఒక మైక్రోమీటరు. మనిషి తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రోమీటర్లు. వ్రాతకాగితపు మందము సుమారు 100 మైక్రోమీటర్లు. యంత్రములలో నునుపు అని చెప్పుకొనునది ఒకటి రెండు మైక్రోమీటర్ల మాట.

ఈ కొండలు, లోయలు ఊరక ఏర్పడినవి కావు. ప్రతి పనిముట్టు తన గుర్తును వదలిపోవును. ఆకురాయి తన పండ్ల గీతలను, సానరాయి తన రేణువుల గీతలను వదలును. లేతు మీద తిరుగు కడ్డీని పనిముట్టు కోయునప్పుడు, కడ్డీ ఒకసారి తిరుగుటలో పనిముట్టు కొంచెము ముందుకు జరుగును. ఈ జరుగుడును ఫీడు అందురు. అందుచే కోత కడ్డీ చుట్టును మరచుట్టువలె సాగును. ఆ చుట్ల నడుమ మిగిలిన గట్లే మన చేతికి తగులు గరుకుదనము.

గట్టు ఎత్తును ఉన్నత పాఠశాల విద్యార్థులే లెక్క కట్టవచ్చును. పనిముట్టు ముక్కు ఒక చిన్న వృత్తఖండము. ఫీడంత దూరమున ప్రక్కప్రక్కనే గీసిన రెండు వృత్తఖండముల నడుమ మిగులు గట్టు ఎత్తు, ఫీడు వర్గమును ముక్కు వ్యాసార్ధమునకు 8 రెట్లతో భాగింపగా వచ్చును. ఫీడు 0.2 మిల్లీమీటరు, ముక్కు వ్యాసార్ధము 0.8 మిల్లీమీటరు అనుకొందము. 0.04ను 6.4తో భాగింపగా 0.00625 మిల్లీమీటరు, అనగా సుమారు 6 మైక్రోమీటర్లు వచ్చును. ఫీడును సగము చేసినచో ఎత్తు సగము కాక నాలుగవ వంతు అగును. టర్నరు చివరి కోతకు ఫీడును ఎందుకు తగ్గించునో ఇందువలన తెలియును. అయితే ఈ లెక్క కనిష్ఠమును మాత్రమే చెప్పును. ముక్కు అరిగినను, యంత్రము అదరినను, కోయు అంచునకు లోహము అతుకుకొనినను గరుకుదనము లెక్కకు మించును. అందుచేతనే పరీక్ష అవసరమగుచున్నది.

ఒక అంకెలో చెప్పుట

గరుకుదనమును అంకెలో చెప్పుటకు హెచ్చుగా వాడబడునది ఆర్‌ఏ అను సగటు. తలమునకు అడ్డముగా కోసినట్లు ఊహించి, కొండలు లోయలు సమానముగా తూగునట్లు నడుమ ఒక గీత గీయుదురు. ఆ గీత నుండి ఒక్కొక్క బిందువు ఎంత దూరమున నున్నదో కొలిచి, పైన, క్రింద అను భేదము లేకుండ సగటు కట్టుదురు. ఉదాహరణకు ఆరు చోట్ల దూరములు పైకి 2, క్రిందికి 1, పైకి 3, క్రిందికి 4, పైకి 1, క్రిందికి 1 మైక్రోమీటర్లు అనుకొందము. గుర్తులతో కూడినచో మొత్తము సున్న. గుర్తులు విడిచి కూడినచో 12. ఆరుతో భాగింపగా 2. ఆ తలపు ఆర్‌ఏ 2 మైక్రోమీటర్లు.

పైన చెప్పిన లేతు కోతలో గట్టు ఎత్తు సుమారు 6 మైక్రోమీటర్లైనను, ఆర్‌ఏ అందులో సుమారు నాలుగవ వంతు, అనగా 1.6 మైక్రోమీటర్లు అగును. ఈ 1.6 అను అంకె యంత్రపు పనివారికి చిరపరిచితము. 0.1, 0.2, 0.4, 0.8, 1.6, 3.2, 6.3, 12.5 అని ఒక్కొక్క మెట్టుకు ఇంచుమించు రెట్టింపగు వరుసలోనిదది. పాత డ్రాయింగులలో 0.8ను ఎన్‌6 అని, 1.6ను ఎన్‌7 అని వ్రాయుదురు. అంతకన్న పాతవానిలో ఒకటి, రెండు, మూడు త్రికోణముల గుర్తులుండెడివి. మన దేశమున గరుకుదనమును లెక్కించు పద్ధతిని గూర్చి 1967లో ఐ.ఎస్. 3073 అను ప్రమాణము వెలువడినది.

మెట్లు రెట్టింపులుగా ఉండుటకు ఒక కారణము కలదు. మన ఇంద్రియములు ఎంత హెచ్చినదని కాక, ఎన్ని రెట్లు హెచ్చినదని గుర్తించును. ఒక కిలోకు, రెండు కిలోలకు భేదము చేతికి వెంటనే తెలియును. ఇరువది కిలోలకు, ఇరువదియొక్క కిలోలకు భేదము తెలియదు. కావున చేతితో పరీక్షింపదగిన వరుస రెట్టింపుల వరుసగా నుండుటయే సహజము.

పోలిక అను పాత పద్ధతి

కొలుచుటకు రెండు దారులు కలవు. పరికరముతో అంకెను రాబట్టుట ఒకటి. విలువ ముందే తెలిసిన వస్తువు ప్రక్కన తెలియని వస్తువును పెట్టి, దేనితో సరిపోవునో చూచుట రెండవది. రెండవది మన ఊళ్లకు క్రొత్త కాదు. కంసాలి గీటురాయి మీద నగను గీసి, దాని ప్రక్కన వన్నె తెలిసిన బంగారపు గీటును గీసి, రెండింటిని పోల్చి మాటు నిర్ణయించును. వరి పైరుకు నత్రజని చాలినదో లేదో తెలిసికొనుటకు ఆకును పచ్చరంగుల పట్టీ ప్రక్కన పెట్టి చూచుటయు ఇట్టిదే. ఖనిజముల కాఠిన్యమును నిర్ణయించు మోస్ మానమును విద్యార్థులు తరగతిలో చదివియే యుందురు. అదియు పోలికయే.

ఈ పద్ధతి బలము ఒక్కటే: మనిషి ఇంద్రియము జ్ఞాపకము పెట్టుకొనుటలో బలహీనము, ప్రక్కప్రక్కన పెట్టి భేదము గుర్తించుటలో ప్రబలము. “ఇది 1.6 మైక్రోమీటర్లా?” అని అడిగినచో అనుభవజ్ఞుడైన టర్నరు కూడ తడబడవచ్చును. “ఈ రెంటిలో ఏది ఎక్కువ గరుకు?” అని అడిగినచో నేర్చుకొనువాడు కూడ చాలవరకు సరిగా చెప్పును. నమూనా పలకలు మొదటి ప్రశ్నను రెండవ ప్రశ్నగా మార్చును.

నమూనా పలకలు

నమూనా పలకలు తపాలా బిళ్లకన్న కొంచెము పెద్దవైన లోహపు ముక్కలు. ఒక అట్టకో, లోహపు చట్రమునకో వరుసగా అమర్చబడి యుండును. ప్రతి ముక్క క్రింద దాని ఆర్‌ఏ విలువయు, అది ఏ పనిని పోలియున్నదో ఆ పేరును చెక్కబడి యుండును. తరిమెన పట్టిన తలమునకు ఒక వరుస, సాన పట్టిన తలమునకు ఒక వరుస, మిల్లింగుకు ఒకటి, షేపింగుకు ఒకటి, రంధ్రపు లోతలమునకు ఒకటి. ఇట్లు వేరువేరు వరుసలుండుట అలంకారమునకు కాదు. ఈ పద్ధతికి ప్రాణమే అదియని ముందు చూడగలము. 1985లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 2632 అను అంతర్జాతీయ ప్రమాణము ఇట్టి పలకలను గూర్చినదే.

అనేక పలకలను విద్యుల్లేపన పద్ధతిలో చేయుదురు. ముందుగా ఒక మూల నమూనాను తయారు చేసి, దాని మీద నికెలు పొరను దట్టముగా పెంచి, ఊడదీయుదురు. మూలములోని కొండలు, లోయలు పొర మీద అచ్చు గ్రుద్దినట్లు దిగును. ఇంకొకసారి ప్రతి తీసినచో తిరిగి మూలపు ఆకారమే వచ్చును. ఇట్లు ఒకే విలువ గల పలకలను అనేకముగా చేయవచ్చును.

గోటికి ఎట్లు తెలియును?

పరీక్షించువాడు గోటి అంచును పలక మీద ఒకసారి, వస్తువు మీద ఒకసారి, గీతలకు అడ్డముగా నడుపును. ఒక్కటి రెండు మైక్రోమీటర్ల గట్లు గోటికి తగులునా యని సందేహము కలుగవచ్చును. నిజమునకు గోటిలో నాడులు లేవు. గోరు ఒక సూదివలె పనిచేయును. అదరుట గోటిది, గ్రహించుట దాని క్రింది కండది.

ఒక చిన్న లెక్క చూడుడు. గోటిని సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగముతో నడిపితిమనుకొందము. గట్ల నడుమ దూరము 0.1 మిల్లీమీటరైనచో గోరు సెకనుకు 250 గట్లను దాటును. అనగా సెకనుకు 250 సార్లు అదరును. చర్మపు లోతున ఉల్లిపాయ పొరలవంటి నిర్మాణము గల పాసినీ కణికలు అనునవి కలవు. ఇవి సెకనుకు సుమారు 250 కంపనములను అన్నిటికన్న బాగుగా గ్రహించును. కావున కదలుచున్న గోటికి తెలిసినది, కదలని గోటికి తెలియదు. వేలిని తలము మీద ఊరక ఆనించి చూచిన వానికి గరుకుదనము పట్టుపడకపోవుటకు కారణమిదియే.

కదలిక వలన చేతికి ఎంత సూక్ష్మదృష్టి వచ్చునో 2013లో స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన చెప్పుచున్నది. సన్నని ముడుతలు గల తలములను, ముడుతలు లేని తలమును తయారు చేసి, కనులు మూసికొనిన వారిచే వ్రేలితో తాకించిరి. కేవలము 13 నానోమీటర్ల ముడుతలు గల తలమును కూడ వారు నున్నని తలము నుండి వేరుగా గుర్తించిరి. 13 నానోమీటర్లనగా మైక్రోమీటరులో సుమారు డెబ్బది ఏడవ వంతు. అది ప్రయోగశాలలో, శుభ్రమైన తలముల మీద వచ్చిన ఫలితము. నూనె మరకల షెడ్డులో అంతటి సూక్ష్మతను ఆశింపరాదు. అయినను మెట్టుకు మెట్టు రెట్టింపగు పలకల భేదము గోటికి అందరానిది కాదని దీనివలన ధైర్యము కలుగును.

గోటికి ఒక పరిమితి కూడ కలదు. దాని అంచు మొద్దు కావున ఇరుకైన లోయల అడుగునకు చేరదు. కొండ కొమ్ముల మీదుగానే సాగిపోవును. మిక్కిలి నున్నని తలముల మీద గోరు జారిపోవునే కాని మాట చెప్పదు. అక్కడ కన్ను మేలు.

కంటికి ఎట్లు తెలియును?

25 సెంటీమీటర్ల దూరమున మన కన్ను సుమారు 0.07 మిల్లీమీటరు, అనగా 70 మైక్రోమీటర్లకన్న దగ్గరగా నున్న రెండు గీతలను విడదీసి చూడజాలదు. మరి ఒక మైక్రోమీటరు లోతును ఎట్లు చూచుచున్నది? కన్ను లోతును చూచుట లేదు. ఆ లోతు వెలుగును ఏమి చేయుచున్నదో చూచుచున్నది. కొండలు వెలుగు తరంగదైర్ఘ్యమున ఎనిమిదవ వంతుకన్న తక్కువ ఎత్తున నున్నచో తలము అద్దమువలె వెలుగును ఒకే దిక్కునకు త్రిప్పును. పచ్చని వెలుగు తరంగదైర్ఘ్యము సుమారు 0.55 మైక్రోమీటరు, అందులో ఎనిమిదవ వంతు సుమారు 0.07 మైక్రోమీటరు. అంతకు మించినకొలది వెలుగు చెదరి, ప్రతిబింబము మసకబారి, చివరకు మాయమగును.

ఈ నియమము తలమునకు ఎదురుగా పడు వెలుగుకు వర్తించును. వెలుగు ఏటవాలుగా పడినకొలది గరుకు తలము కూడ నునుపుగా ప్రవర్తించును. తెల్ల కాగితమును కంటి మట్టమున పట్టి, దాని మీదుగా దీపము వైపు చూచినచో మామూలుగా మెరయని కాగితము మెరయుట కనిపించును. కావున షాఫ్టును కిటికీ వైపు ఏటవాలుగా పట్టి “అద్దమువలె నున్నది” అనుట మోసపోవుటయే. పలకను, వస్తువును ఒకే వెలుగులో, ఒకే కోణమున, ప్రక్కప్రక్కన పట్టి చూడవలెను. నూనె తడి యున్నచో లోయలు నిండి తలము లేని నునుపును చూపును. ముందుగా శుభ్రముగా తుడువవలెను.

అంకె ఒకటే, తలము వేరు

ఇప్పుడు మన షాఫ్టు వద్దకు తిరిగి వత్తము. ఆయిల్ సీలు పెదవి షాఫ్టును గట్టిగా ఒరసికొని యుండునట్లు కనిపించినను, నిజమునకు నడుమ మిక్కిలి పలుచని నూనె పొర యుండును. షాఫ్టు మరీ గరుకైనచో ఆ గట్లు ఆకురాయివలె రబ్బరును అరుగదీయును. మరీ నునుపైనచో నూనె పొర నిలువక రబ్బరు వేడెక్కి, గట్టిపడి, పగులును. అందుచే సీలు తాకు తలమునకు ఆర్‌ఏ సుమారు 0.2 నుండి 0.8 మైక్రోమీటర్ల నడుమ నుండవలెనని చెప్పుదురు. ఎక్కువ నునుపు ఎల్లప్పుడు ఎక్కువ మంచిది కాదని విద్యార్థులు ఇక్కడ గమనింపవలెను.

టర్నరు తరిమెన వరుసలోని 0.8 పలకను తీసి, దాని మీద, షాఫ్టు మీద గోటిని నడిపి చూచెను. రెండును సమానముగా తోచినవి. అంకె సరిపోయినది! అయినను ఆ షాఫ్టును బిగించినచో నూనె మరల కారవచ్చును. ఎందువలన? లేతు గుర్తులు షాఫ్టు చుట్టును మరచుట్టువలె సాగునని పైన చెప్పితిమి. సీలు పెదవి క్రింద ఆ మరచుట్టు తిరుగునప్పుడు నూనెను బోల్టు నట్టును జరిపినట్లు ప్రక్కకు జరుపును. షాఫ్టు ఒక వైపు తిరిగినచో నూనె లోనికి, మరియొక వైపు తిరిగినచో బయటకు పోవును. ఎమెరీ కాగితమును షాఫ్టు వెంట జరుపుచు మెరుగు పెట్టినను ఇట్టి ఏటవాలు గీతలే మిగులును.

సానరాయిని ప్రక్కకు జరుపక, నేరుగా లోనికి మాత్రమే నెట్టి సాన పట్టినచో గీతలు షాఫ్టుకు సరిగా అడ్డముగా, ఉంగరములవలె నుండును. నూనెను ఎటును జరుపవు. ఈ రెండు తలముల ఆర్‌ఏ ఒకటే కావచ్చును. అంకె మాత్రమే చూచినవాడు వీనిని వేరు చేయలేడు. రెండు వరుసల పలకలను ముందుంచుకొని చూచినవాడు వెంటనే వేరు చేయును. షాఫ్టు మీది గీతలు తరిమెన పలకను పోలినవా, సాన పలకను పోలినవా యని అడిగినంతనే రహస్యము బయటపడును. దీనిని దృఢపరచుకొనుటకు ఒక దారపు పరీక్ష కూడ కలదు. షాఫ్టుకు పలుచగా నూనె రాచి, దాని మీదుగా సన్నని దారమును వ్రేలాడవేసి, కొనకు చిన్న బరువు కట్టి, షాఫ్టును నెమ్మదిగా త్రిప్పుదురు. మరచుట్టు ఉన్నచో దారము ఒక ప్రక్కకు ప్రాకును. తిరుగు దిక్కు మార్చినచో వెనుకకు ప్రాకును. లేనిచో ఉన్నచోటనే నిలుచును. ఇది టర్నరు చేయదగిన పరీక్షయే కాని, తిరుగు యంత్రము వద్ద పిల్లలు చేయరాదు.

అంకె దాచు సంగతి మరియొకటి కలదు. ఒక తలపు ఆకారమును తలక్రిందులు చేసినను ఆర్‌ఏ మారదు. వాడి కొమ్ములు పైకి నిక్కిన తలమునకు, పైన చదునుగా నుండి అక్కడక్కడ సన్నని గుంటలు గల తలమునకు అంకె ఒకటే కావచ్చును. మొదటిది బేరింగును గీయును. రెండవది గుంటలలో నూనెను దాచుకొని బేరింగును కాపాడును.

పాటింపవలసిన నియమములు

ఇందువలన పోలిక పద్ధతికి మూల నియమము ఏర్పడుచున్నది: సజాతిని సజాతితోనే పోల్చవలెను. సాన పట్టిన వస్తువును సాన పలకతోను, మిల్లింగు వస్తువును మిల్లింగు పలకతోను పోల్చవలెను. గుండ్రని వస్తువునకు గుండ్రని పలకయే తగును. చదునైన పలక మీద గోటికి తెలియు స్పర్శ వేరు. లోహపు రంగు కూడ కంటిని మోసగించును. ఒకే గరుకుదనము గల ఇత్తడి, ఉక్కు, పోత ఇనుము ముక్కలు మూడు తీరుల మెరయును. లోహము వేరైనప్పుడు కంటికన్న గోటినే నమ్ముట మేలు. గీతలకు అడ్డముగా మాత్రమే గోటిని నడుపవలెను.

ఒక పలకతో సరిపోవునా యని మాత్రమే చూడరాదు. క్రింది మెట్టు పలకకన్న గరుకుగను, పై మెట్టు పలకకన్న నునుపుగను ఉన్నదని రెండు వైపుల రూఢి చేసికొనవలెను. పలకలను తడిచేతితో తాకి విడిచినచో చెమట లవణములు లోహమును తినును. వానిని తుడిచి, ఒరలో దాచి, అరిగినవానిని తీసివేయవలెను. అరిగిన పలక తప్పు తూనికరాయివంటిది. అది ఒక్క వస్తువును కాక, దానితో పోల్చిన ప్రతి వస్తువును తప్పుగా తూచును.

ఎక్కడ చాలదు?

ఈ పద్ధతి ఒక మెట్టు అటు ఇటుగా చెప్పగలదు. అంతకు మించి చెప్పలేదు. కొనువానికి, అమ్మువానికి నడుమ వివాదము వచ్చినప్పుడును, మిక్కిలి నున్నని తలముల విషయమునను పరికరమే తీర్పరి. 1929లో జర్మనీలో గుస్టావ్ ష్మాల్ట్స్ సన్నని సూదిని తలము మీద నడిపి, దాని కదలికను వెలుగు కిరణముతో పెద్దది చేసి నమోదు చేసెను. 1941లో ఇంగ్లండులోని లీస్టరు నగరమున టేలర్ హాబ్సన్ సంస్థ టాలిసర్ఫ్ అను పరికరమును వెలువరించెను. నేటి పరికరములు అరచేతిలో ఇముడును. 2 లేక 5 మైక్రోమీటర్ల వ్యాసార్ధము గల వజ్రపు మొనను కొన్ని మిల్లీమీటర్ల దూరము నడిపి ఆర్‌ఏను అంకెలలో చూపును.

జాగ్రత్తగా ఆలోచించినచో వజ్రపు మొన చేయు పని గోరు చేయు పనియే. మొన మరింత సన్నము, జ్ఞాపకము మరింత గట్టిది. కాని ఆ మొన ఒక్క గీత వెంట మాత్రమే నడచును. కన్ను తలమునంతటిని ఒక్కసారిగా చూచి, ఒక మూలనున్న గాటును, ఏటవాలు గీతను, అదురు గుర్తును పట్టుకొనును. కావున పరికరము వచ్చినంతమాత్రమున పలకలకు పని పోలేదు. నూనె మిల్లు షాఫ్టులకే కాక, కొత్తగూడెం బొగ్గుగనుల పంపులకు, సారపాక కాగితపు మిల్లు రోలర్లకు కూడ ఈ రెండు సాక్ష్యములును అవసరమే.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఈ విషయమును పాఠశాలలో సులభముగా పరీక్షింపవచ్చును. ఒకే ఇనుప పట్టీ నుండి అగ్గిపెట్టెంత ముక్కలు నాలుగు కోయించి, అంచులను ఆకురాయితో మొద్దు చేయింపవలెను. 80, 220, 400, 1000 నంబర్ల ఎమెరీ కాగితములు నాలుగు తెప్పించి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క కాగితముతో, ఒకే దిక్కున మాత్రమే రుద్దవలెను. నంబరు పెరిగినకొలది రేణువు సన్నమగును. 80వ నంబరు రేణువు సుమారు 200 మైక్రోమీటర్లు, 1000వ నంబరు రేణువు సుమారు 18 మైక్రోమీటర్లు ఉండును. ముక్కలను తుడిచి, వెనుక గుర్తులు వేయవలెను.

విద్యార్థి కనులకు గంతలు కట్టి, గోటిని గీతలకు అడ్డముగా నడిపి, నాలుగింటిని వరుసగా పేర్చుమనవలెను. నాలుగు ముక్కలను 24 విధముల పేర్చవచ్చును గనుక, ఊరక అదృష్టముచే సరియైన వరుస వచ్చుటకు 24లో ఒక వంతు అవకాశము. రెండుసార్లు వరుసగా సరిపోవుటకు 576లో ఒక వంతు మాత్రమే. తరగతిలో ఎందరు సరిగా పేర్చిరో లెక్కించినచో గోటి సాక్ష్యము ఊహయా, నిజమా యని వారికే తెలియును. పిమ్మట గోటిని గీతల వెంబడి నడిపించి, తప్పులు ఎంత పెరిగెనో చూడవలెను.

చివరకు ఇద్దరు క్రొత్త చుట్టములను ప్రవేశపెట్టవలెను. 220వ నంబరు కాగితముతోనే గుండ్రముగా రుద్దిన ఇనుప ముక్క ఒకటి. అదే కాగితముతో ఒకే దిక్కున రుద్దిన అల్యూమినియపు ముక్క ఒకటి. వీనిని ఎచ్చట పెట్టవలెనో విద్యార్థులలో వాదము తప్పక పుట్టును. మొదటిదానిలో గీతల దిక్కు మారినది. రెండవదానిలో లోహము మెత్తనగుటచే గీతలు లోతైనవి, మెరుపు వేరైనది. సజాతిని సజాతితోనే పోల్చవలెనను నియమము ఉపాధ్యాయుడు చెప్పకయే వారికి బోధపడును.

మన షాఫ్టు కథ ఇట్లు ముగియును. దానిని తిరిగి సాన పట్టించి, సాన వరుసలోని 0.4, 0.8 పలకల నడుమ నిలిపి చూచి, గీతలు ఉంగరములవలె నున్నవని రూఢి చేసికొని బిగింపవలెను. ఇందుకు పట్టు ఆలస్యము కొన్ని గంటలు. ఈ పరీక్ష చేయక బిగించినచో నూనె మరల కారి, గేరుపెట్టె మరల విప్పవలసి వచ్చి, కోసిన గెలలు మరల ఎండలో నిలుచును. మెరుపును చూచి సంతోషించువానికి, మెరుపును పలక ప్రక్కన పెట్టి ప్రశ్నించువానికి గల భేదము ఆ గెలల విలువలో కనబడును. పరికరము లేదని పరీక్ష మానుకొననక్కరలేదు; దేనిని దేనితో పోల్చవలెనో తెలిసినచో గోరు కూడ పరికరమే.